గౌరి మెడ మీద చెయ్యి

ఈ రోజు పొద్దున్న మా ఆడగుర్రం గౌరి తల కదలకుండా కట్టేశాను. భీమవరంలో ఓణీల ఫంక్షన్. అలంకరించిన అమ్మాయిని ఎక్కించుకుని అది గేటు దగ్గర్నుంచి హాలు దాకా నడవాలి. "తల ఎత్తి ఉంచితే వీడియో బాగా వస్తుందండి," అన్నాడు డ్రోన్ కెమెరా అబ్బాయి. కళ్ళేనికి తాడు కట్టి, బిగలాగి జీను రింగుకు ముడివేశాను. బ్యాండు మొదలవగానే గౌరి తల విదిలించుకోబోయింది. తాడు పట్టి గుంజాను. గుర్రం డాన్సు చేస్తోందనుకుని అందరూ చప్పట్లు కొట్టారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి తాడు విప్పాను. చెమటా పాత తోలూ కలిసిన వాసన అరచేతికి అంటుకుంది. చెవుల వెనక నిమరబోతే గౌరి మొహం తిప్పుకుని వెనక్కి జరిగింది. ఇన్నేళ్ళలో నా చేతిని చూసి అది జంకడం ఇదే మొదలు. ఆ వాసనలో రమణమ్మ పిన్ని గుర్తొచ్చింది.

పిన్నిది పాలకొల్లులో మా పక్కిల్లు. చుట్టరికం లేదు, పిలుపే. ఆవిడ భర్త జట్కా తోలేవాడు. ఆయన పోయినా, జట్కాలకు కాలం చెల్లినా ఆవిడ గుర్రాన్ని అమ్మలేదు. అది ముసలిదై కన్నుమూసేదాకా సాకింది. నేను రొయ్యల చెరువు పని మానేసి గౌరిని కొన్న కొత్తలో, ఓ సాయంత్రం బలమంతా పెట్టి దాని మెడ పిసుకుతుంటే గోడ మీంచి చూసింది.

"ఏరా, చపాతీ పిండనుకున్నావా అది?"

"పట్టేసింది పిన్నీ. వదులు చేద్దామని."

"నువ్వు తోస్తే అదీ తోస్తుంది. జరుగు."

ఆవిడ వచ్చి, తల వాల్చుకునేలా తాడు వదిలింది. చెవుల వెనక నుంచి భుజం దాకా అరచేతిని జార్చింది. ఈక వాలినంత బరువు కూడా లేదు. ఒకచోట గౌరి కన్నార్పింది. ఆ చెయ్యి అక్కడే ఆగింది.

"ఇక్కడుందిరా నొప్పి. ఇప్పుడేం చెయ్యకు. ఊరికే ఉండు."

చాలాసేపు నిలబడ్డాం. గౌరి పెదవులు చప్పరించి, నోరంతా తెరిచి ఆవలించింది.

"నిద్రొస్తున్నట్టుంది," అన్నాను.

"నిద్ర కాదు, నీ మొహం! పట్టు వదిలింది."

మరోసారి పెళ్ళికి ఆలస్యమవుతోందని హడావిడిగా నిమురుతుంటే గౌరి చెవులు వెనక్కి పెట్టింది. అదిలించబోయాను. పిన్నికి కోపమొచ్చింది. "దాన్నెందుకంటావు? వద్దంటోంది, చెయ్యి తియ్యి. వద్దన్నప్పుడు తీస్తేనే రేపు పెట్టనిస్తుంది."

పిన్ని ఇప్పుడు లేదు. ఆవిడ చెప్పింది మరిచిపోయానని అనుకోను. మరిచిపోయి ఉంటే కొంత నయం. ఆవిడ నేర్పినదాన్ని నేను మరమ్మతులా వాడుకున్నాను. సాయంత్రం వదులు చేయొచ్చన్న ధీమాతో పగలు బిగించాను.

రేపు నరసాపురంలో ఊరేగింపు ఉంది. పెళ్ళికొడుకు తండ్రికి ఫోన్ చేశాను.

"అదేంటండీ బాబూ, ఇప్పుడు చెప్తే ఎలాగండీ? గుర్రానికి జబ్బా?"

"జబ్బేం లేదండి. తల కట్టేసి దాని మెడ నేనే పాడు చేశాను."

ఆయన నాలుగు మాటలన్నారు. పడ్డాను. తెలిసినతని టాప్‌లేని జీపు కుదిర్చిపెట్టాను. మళ్ళీ ఎవరూ తాడు కట్టకుండా జీను రింగు కోసేశాను. అప్పుడు పాకలోకి వెళ్ళి చెయ్యి చాపాను. గౌరి చెవులు వెనక్కి వెళ్ళాయి. తీసేశాను. బకెట్టు బోర్లించుకుని, దానికి కనబడేంత దూరంలో కూర్చున్నాను.