రాయని రూటు ఇచ్చిన సున్నా

మా ఇంట్లో దేవుడికి గూడు ఉంది గానీ దెయ్యాల మాటకు చోటు లేదు. చిన్నప్పుడు జబ్బు చేసి బడి మానేస్తే అమ్మే నన్ను ఇంట్లో కూర్చోబెట్టి చదివించింది. చీకటంటే భయమేస్తే "దేవుడున్న చోట ఇంకోటి ఉండదే" అనేది. నేనూ అదే నమ్మాను. ఇప్పటికీ దెయ్యాలున్నాయని అనను. జరిగింది మాత్రం చెబుతాను.

రెండు వేల తొమ్మిది ప్రాంతం. పెందుర్తిలో ఒక లేబర్ కాంట్రాక్టరు ఆఫీసులో కంప్యూటర్ పనులు చూసేదాన్ని. ఓనరు రాజశేఖరం గారు డిగ్రీ కాగితం అడగకుండా పని ఇచ్చిన మనిషి. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆయన మేలు తలుచుకునేదాన్ని.

కంపెనీ వెబ్‌సైట్‌కు పేజీలన్నీ ఒక డిజైనర్ చేసిచ్చాడు. మొదటి పేజీలో ఫ్యాక్టరీ గేటు బోర్డులాగే 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని పెద్ద అంకె. అది ఊరికే అందానికి పెట్టింది. పేజీ అడిగితే సర్వర్ నిజం అంకె చెప్పేలా రూట్లు, అంటే ఏ ప్రశ్నకు ఏ జవాబివ్వాలో చెప్పే కోడ్ ముక్కలు, రాయడం నా పని. రూటు లేకపోతే జవాబు రాదు, డిజైనర్ పెట్టిన అంకే నిలుస్తుంది. ఏ ఫైలు మొదలుపెట్టినా పైన 'శ్రీరామ' అని రాసుకోవడం నా అలవాటు. మెషిన్ ఆ లైను చదవదు, నాకోసమే.

ఆ రోజుల్లోనే పరవాడలో ఒక ఫ్యాక్టరీ ట్యాంకు కడగడానికి దిగిన కూలీ అప్పలరాజు ప్రాణాలతో పైకి రాలేదు. అతను మా మనిషే కాదన్నారు ఓనరు గారు. భార్య పైడమ్మ మధ్యాహ్నం ఆఫీసు ముందుకొచ్చి దోసిళ్లతో దుమ్మెత్తి పోసింది.

"నీ మనిసి కాడా? పొద్దున్నే నీ బండే కదరా ఎక్కించుకెల్లింది! మా ఆయన్ని సున్నా సేసేసినావ్. నీ లెక్కా సున్నా కాడే ఆగిపోద్ది, సూడు!"

ఓనరు గారు నవ్వి లోపలికొచ్చారు. "పట్టించుకోకమ్మా. అంకె అలా నడవనీ."

"అబద్ధం అంకె చెప్పే ఆ ఒక్క రూటూ నేను రాయలేనండీ," అన్నాను. పని పోతుందనుకున్నాను.

"రాయొద్దులే. డిజైనర్ పెట్టిన అంకే ఉంటుంది. మనకదే మంచిది కదా!"

తర్వాతి వారం ఒక పెద్ద ఫ్యాక్టరీ సేఫ్టీ ఆఫీసర్లు కాంట్రాక్టు మాట్లాడడానికి వచ్చారు. పొద్దున నేను చూసినప్పుడు డిజైనర్ అంకె సరిగ్గానే ఉంది. వాళ్ల ముందు పేజీ తెరిస్తే సున్నా.

మళ్లీ తెరిచాను. సున్నా. పక్క కంప్యూటర్లోనూ సున్నా. జవాబు సర్వర్ నుంచే వస్తోంది, నేను రాయని రూటు నుంచి.

"నేరుగా అంకె కొట్టెయ్యమ్మా!" అన్నారు ఓనరు గారు నా చెవిలో. పేజీ సర్వర్‌ను అడగకుండా ఆ ప్రశ్నే తీసేశాను. అంకె చేత్తో పెట్టాను. అయినా సున్నా.

వచ్చినవాళ్లలో పెద్దాయన అడిగాడు. "సున్నా అంటే ఈమధ్యే ఏదో జరిగిందన్నమాట. ఏం జరిగిందండీ?"

నా నోటివెంట మాట దానంతటదే వచ్చింది. "అప్పలరాజండీ. ట్యాంకులో పోయాడు. మా మనిషే."

కాంట్రాక్టు రాలేదు. కేసైంది. నా పనీ పోయింది. అప్పలరాజు తమ మనిషేనని ఒప్పుకోక తప్పలేదు ఓనరు గారికి.

సున్నా కనిపించిన ఆ సాయంత్రమే, ఆఫీసు నుంచి వచ్చేసే ముందు, ప్రతి ఫైలూ తెరిచి చూశాను. అన్నింటి మీదా 'శ్రీరామ' ఉంది. ఆ రూటుకు అసలు ఫైలే లేదు.

రాజశేఖరం గారు తర్వాత వేరే పేరుతో కంపెనీ పెట్టారు. దానికి మధురవాడలో ఎవరో కుర్రాడు కొత్తగా సైటు చేశాడు. ఆ కుర్రాడికి నా నంబరు ఎవరిచ్చారో, ఒకరోజు ఫోన్ చేశాడు. "అక్కా, ఇక్కడ ఓ అంకె ఏం సేసినా మారట్లేదు. మీకేటైనా తెలుసా?"

ఏ అంకె అని నేను అడగలేదు.

దీపం పెట్టేటప్పుడు ఓనరు గారి మేలు ఇప్పటికీ తలుచుకుంటాను. ఆ పక్కనే అప్పలరాజు పేరూ. అతని కోపం చల్లారాలని ఒక్కరోజూ మొక్కుకోలేకపోయాను.