రెండో సీసాకు మూత

లెక్కల టీచరమ్మకు ఫోనంటే పడదు. చేతికి సుద్ద అంటితే తప్ప పాఠం చెప్పినట్టే ఉండదామెకు. అలాంటి మనిషి నెత్తిన, శిక్షణకు వెళ్లొచ్చిన హెడ్మాస్టరుగారు కొత్త బరువు పెట్టారు.

"ఇకనుంచి సగం పాఠం ఇంట్లో, సగం బళ్లో అమ్మా. మీరు వీడియో తీసి పంపితే పిల్లలు ఇంట్లో చూసుకొస్తారు. బళ్లో లెక్కలు చేయించండి. మిశ్రమ బోధన అంటే అదే."

"ఎదురుగా నిలబడి అరిస్తేనే వినరు, ఫోన్లో వింటారాండీ?"

"ఫోన్లో ఏం చెప్పినా వింటారమ్మా," అన్నారాయన దిగులుగా.

ఇంట్లో వెలుతురు బాగా పడేది వంటగదిలోనే. నీళ్ల చెంబుకు ఫోన్ ఆనించి, చిన్న బోర్డు ముందు నిలబడి, భిన్నాల భాగహారం మొదలుపెట్టింది టీచరమ్మ. అందులో పిల్లలు ఏటా చేసే తప్పు ఒకటే. రెండో భిన్నాన్ని తిరగేసి గుణించమంటే మొదటిదాన్ని తిరగేస్తారు. కొందరు ఎందుకైనా మంచిదని రెండూ తిరగేస్తారు.

ఆమె సరిగ్గా ఆ మాట దగ్గరికి వచ్చేసరికి, వెనక అలమార దగ్గర భర్త తేనె సీసాలతో కుస్తీ పడుతున్నాడు. పక్కన నిలబడి పురమాయిస్తున్న అత్తగారికి వినికిడి తక్కువ, అందుకని గొంతు ఎక్కువ.

"మొదటిదాన్ని ముట్టుకోకురా! రెండోది తలకిందులు చెయ్యి! ఆగాగు, ముందు మూత బిగించి చావు!"

పాఠం ధ్యాసలో ఉన్న టీచరమ్మ అదేమీ పట్టించుకోలేదు. వీడియో తిరిగి చూసుకోకుండానే పంపేసింది.

మర్నాడు క్లాసులో ఏ పుస్తకం చూసినా రెండో భిన్నం నెత్తిన టోపీలాంటి గీత. ఆ గీత ఉన్నదాన్నే పిల్లలు తిరగేశారు. మొదటిదాన్ని ఒక్కరూ ముట్టుకోలేదు. లెక్కలన్నీ ఒప్పే!

"ఈ గీత ఏంటే?" అని ముందు బెంచీ పిల్లనడిగింది.

"మూత టీచర్."

"మూతేంటి?"

"మీ ఇంట్లో బామ్మగారు చెప్పారుగా." ఆ పిల్ల ఏదీ వదలకుండా రాసుకునే రకం. సోపానాల వరసలో 'మూత బిగించి చావు' అని కూడా ముత్యాల్లాంటి అక్షరాలతో రాసుకుంది.

టీచరమ్మకు తల కొట్టేసినట్టయింది. ఇంటికెళ్లి, తలుపులు బిడాయించుకుని, అత్తగారు లేకుండా శుభ్రంగా మళ్లీ వీడియో తీసింది. దాన్ని చూసొచ్చిన పిల్లలు మళ్లీ రెండు భిన్నాలూ తిరగేశారు.

హెడ్మాస్టరుగారు పిలిపించారు. "మీ అత్తగారిని తీసేశారటగా?"

"ఆవిడ పాఠంలో లేరండీ, వంటగదిలో ఉన్నారు!"

"ఎక్కడుంటేనేం, మళ్లీ పెట్టండి."

అడిగేసరికి అత్తగారు మంచి చీర కట్టుకుని, ఫోనుకు నమస్కారం పెట్టి, బిగదీసుకుని నిలబడ్డారు. చివరికి కొడుకు చేతికి మళ్లీ సీసాలిస్తే తప్ప ఆవిడ గొంతు పెగల్లేదు.

ఇంతలో బడికి తనిఖీ అధికారి వచ్చాడు. బోర్డు మీద ముందు బెంచీ పిల్ల గీసిన మూతలు చూసి కళ్లజోడు సవరించుకున్నాడు. "ఇది ఏ పుస్తకంలో ఉంది?"

టీచరమ్మ నోరు తెరిచేలోపే హెడ్మాస్టరుగారు అందుకున్నారు. "పుస్తకంలో లేదు సార్, వంటగదిలో ఉంది. ఇల్లూ బడీ కలిసిపోయాయి!"

అధికారి ఉబ్బితబ్బిబ్బయ్యాడు. వారం తిరక్కుండా అన్ని బడులకూ ఉత్తర్వు వెళ్లింది: ప్రతి వీడియోలోనూ ఇంటి పెద్దల గొంతు ఒకటి వినిపించాలి. పెళ్లికాని డ్రిల్లు మాస్టారు పక్కింటి ముసలాయన్ని బతిమాలుకున్నాడు. ఆయన వీడియో పొడుగునా దగ్గాడు. పిల్లలు కూడా వ్యాయామం మధ్యలో శ్రద్ధగా దగ్గారు.

టీచర్ల శిక్షణకు అత్తగారిని ముఖ్య అతిథిగా పిలిచారు. ఆవిడ సంచీ మోసుకుంటూ వెనకాల నడిచింది టీచరమ్మ. ఇన్నేళ్ల నౌకరీలో తననెవరూ అలాంటి వేదిక ఎక్కించలేదు.

"భిన్నాల గురించి రెండు మాటలు చెప్పండమ్మా," అన్నాడు అధికారి.

"నాకు లెక్కలు రావు నాయనా," అన్నారావిడ. హాలంతా వంగి ఆ మాట రాసుకుంది.

తిరుగు బస్సులో ఆవిడ కోడలి మోచేయి పొడిచారు. "ఇంతకీ దాన్ని తలకిందులు చెయ్యడం దేనికే?"

టీచరమ్మ తెల్లబోయింది. ఇన్నేళ్లలో ఏ పిల్లా, ఏ అధికారీ ఆ ప్రశ్న అడగలేదు.

"అరలీటరు పాలున్నాయనుకోండత్తయ్యా. పావులీటరు గిన్నెతో కొలిస్తే ఎన్ని గిన్నెలు?"

"రెండు."

"లీటరుకైతే?"

"నాలుగు."

"అదే! పావు అంటే నాలుగో వంతు. దాంతో భాగించమంటే నాలుగుతో గుణించినట్టే. అందుకే తిరగేస్తాం."

బస్సు హోరులో సగం వినిపించక అత్తగారు మళ్లీ చెప్పమన్నారు. టీచరమ్మ గొంతు పెంచి మళ్లీ చెప్పింది. ముందు సీటాయన వెనక్కి తిరిగి, "మరి మూడో వంతైతేనో?" అన్నాడు. అతనికీ చెప్పింది. దిగాల్సిన చోటు దాటిపోయిందని ఆ ముగ్గురిలో ఎవరికీ తెలియలేదు.