నీడ పడకుండా

పటాన్‌చెరు చుట్టూ ఫ్యాక్టరీలు లేస్తున్న రోజుల్లో, నెల్లూరు వైపు నుంచి మా హైస్కూలుకు జీవశాస్త్రం టీచరమ్మ వచ్చింది. వస్తూ వస్తూ పులికాట్ సరస్సు బురదను గాజు జాడీలో తెచ్చి, నేను రసాయనశాస్త్రం చెప్పే బల్ల మీదే పెట్టింది. అడుగున నల్లటి బురద, పైన ఉప్పునీళ్లు, బురదలో బొరియ చేసుకున్న ఒక పురుగు.

నీడ పడితే పురుగు దాక్కుంటుందని ఆమె ఎప్పుడూ కిటికీ వైపు నుంచి వచ్చేది కాదు. చీర కుచ్చిళ్లు పట్టుకుని, బల్ల చుట్టూ తిరిగి అవతలి నుంచి వంగేది. ఒక్క పురుగుకు ఇంత మర్యాదా అని నాకు ఒళ్లు మండేది.

"బొరియ అంచు చూడండి, ఎర్రగా లేదూ? పురుగు లోపలికి నీళ్లు లాక్కుంటుంది. ఆ నీళ్లలోని గాలి తగిలి బురదలో ఉన్న ఇనుము తుప్పు పట్టింది," అని పిల్లలకు చెప్పింది ఒకరోజు.

తుప్పు నా పాఠం! ఏళ్ల తరబడి నేను మేకులు తడిపి చూపిస్తే ఆవలించిన పిల్లలే ఆ జాడీ చుట్టూ మూగారు. ప్యూను కూడా నా చాయ్ సంగతి మరిచి, "జెర పక్కకు జరుగుర్రి సారూ, మీ నీడకు పురుగు లోపలికి వోతది" అన్నాడు.

ఆమెకు బదిలీ అయింది, జాడీ కూడా వెళ్లింది. హమ్మయ్య అనుకుని, మర్నాడే మేకులు బల్ల మీద పెట్టి పిల్లల్ని పిలిచాను. ఒక్కరూ కిటికీ వైపు నుంచి రాలేదు. అందరూ బల్ల చుట్టూ తిరిగే వచ్చారు.