తువ్వాలు కింద సెలక్షన్

నూజివీడు నుంచి బెజవాడకి నేను సైకిల్ మీద గంటలో వెళ్లేవాణ్ణి. నలభై ఏళ్లుగా ఈ మాట చెబుతున్నాను. వినేవాళ్లు మారారు గానీ నా గంట మారలేదు. అసలు సంగతేమిటంటే, సైకిల్ బస్సు పైన ఉండేది, నేను బస్సు లోపల ఉండేవాణ్ణి. ఆ బస్సుకి కూడా గంట చాలేది కాదు.

ఇలాంటి కబుర్ల పుణ్యమా అని మా సైక్లింగ్ సంఘానికి నన్ను అధ్యక్షుణ్ణి చేశారు. ఇరవై ఏళ్లు ఏకగ్రీవంగా ఎన్నికయ్యానని చెప్పుకునేవాణ్ణి. ఏకగ్రీవమే, అందులో అబద్ధం లేదు. ఎన్నిక ఎప్పుడో మా ముగ్గురికి తప్ప ఎవరికీ తెలిసేది కాదు, అంతే. ముగ్గురంటే నేను, కార్యదర్శి, కోశాధికారి. కార్యదర్శి ఆగిరిపల్లి వైపు తోటలు కౌలుకి పట్టేవాడు. కోశాధికారికి మార్కెట్లో మామిడికాయల కమీషన్ కొట్టు. సంఘానికి వేరే ఆఫీసంటూ లేదు. ఆ కొట్టు వెనక షెడ్డులో, క్రేట్ల మీద కూర్చునే మా సమావేశాలు.

మామిడి బేరం చూసినవాళ్లకి తెలుసు. కొనేవాడూ అమ్మేవాడూ చేతుల మీద తువ్వాలు కప్పుకుని, దాని కింద ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుంటారు. ఒక వేలు పట్టుకుంటే ఒకటి, చెయ్యంతా పట్టుకుంటే అయిదు. చుట్టూ పదిమంది మూగినా రేటు ఆ ఇద్దరికే తెలుస్తుంది. ఈ పద్ధతినే మేం సైకిళ్లకీ తెచ్చిపెట్టాం. తొక్కేవాళ్లకి నంబర్లుంటాయి కదా. తువ్వాలు కింద ఎవరి నంబరు నొక్కుకుంటే వాళ్లు జట్టులో ఉన్నట్టు. కాగితం లేదు, గొడవ లేదు, అడిగేవాడు లేడు. మన పద్ధతులు అంతర్జాతీయ స్థాయివని సభల్లో చెప్పేవాణ్ణి. పెద్ద పెద్ద క్రీడా సంఘాల్లోనూ తలుపులు వేసుకునే చాలా సంగతులు తేలుస్తారని తర్వాత పేపర్లో చదివాను. ఆ ఒక్కటీ నేను కోసిన కోత కాదేమో!

కిందటి వేసవిలో రాష్ట్ర పోటీలకి ఆడవాళ్ల విభాగంలో మాకు ఒక్క చోటే వచ్చింది. దానికి ఇద్దరు నిలబడ్డారు. రెండో నంబరు కోశాధికారి తమ్ముడి కూతురు. మూడో నంబరు బాపులపాడు అమ్మాయి, తోటల్లో కాయలు కోయించే మేస్త్రి కూతురు. రాష్ట్ర పోటీల్లో తొక్కిన సర్టిఫికెట్ ఉంటే ఆ పిల్ల స్పోర్ట్స్ కోటాలో ఒక ఉద్యోగానికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఆ ఏడు తప్పితే వయసు దాటిపోతుంది. ఈ సంగతి మా ముగ్గురికీ తెలుసు.

సెలక్షన్ రోజున ఒక్కొక్కరే మార్కెట్ ముందున్న టీ కొట్టు దగ్గర బయల్దేరి, ఆగిరిపల్లి రోడ్డు పట్టుకుని వెళ్లి తిరిగి అక్కడికే రావాలి. స్టాప్‌వాచీ నా చేతిలో ఉంది. రెండో నంబరు వచ్చినప్పుడు సరిగ్గానే ఆపాను. మూడో నంబరు బయల్దేరాక, టీ కొట్టు దగ్గర ఎవరో నన్ను బెజవాడ సంగతి అడిగారు. చెప్పకుండా ఉంటానా? కథలో గన్నవరం దాటి ఇటు తిరిగేసరికి ఆ అమ్మాయి సైకిల్ దిగి మంచినీళ్లు తాగుతోంది. వాచీ ఇంకా పరుగెడుతూనే ఉంది.

షెడ్డులో ముగ్గురం చేతుల మీద తువ్వాలు పరిచాం. "టైములేంటండీ?" అన్నాడు కార్యదర్శి.

"దగ్గరదగ్గరగానే ఉన్నాయి" అన్నాను.

కోశాధికారి నా రెండు వేళ్లు నొక్కాడు. నేను కార్యదర్శివి రెండు నొక్కాను. అయిపోయింది. నిజం చెప్పొద్దూ, నా తప్పు మీద కూడా ఆ తువ్వాలు పడిందని ప్రాణం కుదుటపడింది.

ఇంతలో మేస్త్రి కూతురు లోపలికొచ్చింది. "తాతగారూ, సెలక్షన్ అయిపోయిందంట కదా. నా టైమెంతండీ?"

"బాగానే వచ్చిందమ్మా. వచ్చే ఏడు చూద్దాంలే."

"వచ్చే ఏడు నా సైకిల్‌కి వయసుంటది గానీ నాకుండదండీ. టైములు రాసిన కాగితం చూపించండి."

"కాగితం ఎందుకమ్మాయ్?" అన్నాడు కోశాధికారి. "బెజవాడ గంటలో కొట్టిన మనిషాయన. ఆయన కన్ను చాలదా?"

"ఆ కన్ను నేనొచ్చేటప్పటికి టీ కొట్టు వైపుందండీ."

అని, నా ఎదురుగా క్రేటు మీద కూర్చుని తువ్వాలు కిందికి చెయ్యి పెట్టింది. "పోనీ ఇలా చెప్పండి. నోటితో ఎంత కోసినా తువ్వాలు కింద ఎవరూ అబద్ధం నొక్కరని మా నాన్న చెప్తాడు."

వాళ్ల నాన్న చెప్పింది నిజమే. మా మార్కెట్లో నోటిమాటకి విలువ లేదు, నొక్కిన వేలుకి తిరుగులేదు. ఆమె అరచెయ్యి హ్యాండిల్ పట్టుకుని పట్టుకుని కాయలు కాసి ఉంది. ఏ వేలు నొక్కను? నా దగ్గర అంకె ఉంటే కదా! తువ్వాలు లాగి పక్కన పడేశాను.

"వాచీ ఆపలేదమ్మా. కబుర్లలో పడి మర్చిపోయాను. నీ టైము నా దగ్గర లేదు."

"ఏంటి బాబాయ్, ఇప్పుడవన్నీ ఎందుకండీ?" అని కార్యదర్శి గొణిగాడు. ఆ అమ్మాయి నన్ను ఒక్క మాట అనలేదు. "అయితే రేపు మళ్లీ తొక్కుతామండీ, ఇద్దరం" అంది.

గుమ్మంలో రెండో నంబరు అమ్మాయి నిలబడి ఉంది. "నేనూ తొక్కుతాను పెద్దనాన్నా" అంది కోశాధికారితో. "గెలిచానో లేదో నాకూ తెలియాలిగా."

మర్నాడు పొద్దున్న రెండు వాచీలు పెట్టాం. టీ, బజ్జీల ధరలు రాసే పలక తుడిచి టైములు అందరి ముందూ దాని మీద రాశాం. మేస్త్రి కూతురు మూడు నిమిషాల తేడాతో గెలిచిందని నేను హనుమాన్ జంక్షన్ దాకా చెప్పాను. తేడా నాలుగు సెకన్లు. పలక ఫొటో అందరి ఫోన్లలోనూ ఉండబట్టి ఒప్పుకుంటున్నాను. ఆమె రాష్ట్ర పోటీలకి వెళ్లొచ్చింది, గడువులోపే దరఖాస్తు పెట్టింది. ఫలితం ఇంకా రాలేదు.

ఆ తర్వాత అధ్యక్ష పదవి నేనే వదులుకున్నానని చెబుతుంటాను. అదీ కోతే. టీ కొట్టు ముందు, తొక్కేవాళ్లందరినీ పిలిచి చేతులెత్తించి ఎన్నిక పెట్టారు. నాకు రెండే చేతులు లేచాయి. ఒకటి నాది. రెండోది ఎవరిదా అని చూస్తే మేస్త్రి కూతురిది.

"ఓడిపోయే ముసలాడికి ఎందుకెత్తావమ్మా?" అని అడిగాను.

"తువ్వాలు తీసింది మీరే కదండీ" అంది. సుద్దముక్క నా చేతిలో పెట్టి, "ఇకనుంచి టైములు మీరే రాయండి. వాచీ మాత్రం నేను పట్టుకుంటాను" అంది.

ఇరవై ఏళ్ల పదవిలో మెడలో పడిన దండలన్నీ ఒక ఎత్తు, ఆ సుద్దముక్క ఒక ఎత్తు. ఇప్పుడు ప్రతి ఆదివారం పొద్దున్నే వెళ్లి పలక తుడుస్తాను. ఆమె అంకె చెబుతుంది, నేను రాస్తాను. చెప్పింది చెప్పినట్టే రాస్తాను.