రంగులు వెనకబడిన రోజు

మా ఎదురింటాయన ఈ మధ్య ఇంటికి రంగులు వేయించాడు. గోడలకు చిలకపచ్చ, కిటికీలకు వంగపండు రంగు, గేటుకు నారింజ. ఆయన ఇల్లు ఆయనిష్టం, కానీ పొద్దున్నే వరండాలో కూర్చుంటే ఆ పచ్చదనం నా పేపరు మీదికి కూడా వస్తోంది. తట్టుకోలేక లోపలికి పోతే, మా అమ్మాయి ఇంటి నుంచే ఆఫీసు పని చేసుకుంటోంది. ఆమె కంప్యూటరులో ప్రోగ్రాము అక్షరాలు, కొడుతూ ఉండగానే, కొన్ని నీలంగా, కొన్ని ఎర్రగా మారిపోతున్నాయి. ఎదురింటి రంగుల కంటే ఇవే నన్ను ఎక్కువ బాధపెట్టాయి.

ఎందుకంటే అక్షరాలకు అలా రంగులేసే పని ఒకప్పుడు ఈ కర్నూలులోనే, మా అక్క వాళ్ళ ముందు గదిలో, మా బావ చేశాడు. మన ఈడు వాళ్ళకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో కంప్యూటరంటే దుప్పటి కప్పి, చెప్పులు విడిచి దగ్గరికి పోవలసిన వస్తువు. డిగ్రీలు చేసిన మేమిద్దరం, ఉద్యోగాలు మమ్మల్ని వెతుక్కుంటూ వచ్చేలోగా, ప్రోగ్రాములు రాసేవాళ్ళు అందులో కొట్టుకునేలా ఎడిటరు అనే సాఫ్ట్‌వేరు ఒకటి తయారుచేద్దామనుకున్నాం. ఫైలు తెరవడం, దాచడం, అచ్చు తీయడం నా వంతు. రంగులు బావ వంతు. ఆజ్ఞలకు నీలం, కొటేషన్ గుర్తుల మధ్య మాటలకు ఎరుపు, రాసినవాడు తన కోసం పెట్టుకునే గమనికలకు ఆకుపచ్చ, అదీ కొడుతుండగానే. ఊళ్ళో ఒక కాలేజీ తమ ల్యాబు కోసం చూస్తామంది. వాళ్ళు తీసుకుంటే బావ కర్నూలులోనే ఉండిపోతాడు. లేకుంటే వాళ్ళ నాయన మాట్లాడిపెట్టిన ఉద్యోగానికి, మంగంపేట గనుల ఆఫీసులో లారీల తూకం రాయడానికి, పోక తప్పదు.

మా అక్క పెళ్ళికి ముందు కడపలో టైపు హయ్యరు పరీక్ష పాసయింది. ఆ సర్టిఫికెట్టు పెళ్ళిచూపులప్పుడు అందరి చేతులూ తిరిగి మళ్ళీ బీరువాలోకి పోయింది. మేము ఎడిటరును పరీక్షిస్తుంటే ఆమె టీ తెచ్చి, గ్లాసు మిషను పక్కన పెట్టొద్దని మాతో చెప్పించుకుని, తలుపు దగ్గర కాసేపు నిలబడి చూసి పోయేది. నేను ఒక వేలితో, బావ రెండు వేళ్ళతో కొట్టేవాళ్ళం. ఏ అక్షరం కొట్టినా రంగు వెంటనే వచ్చేది. అంతకు మించిన పరీక్ష ఒకటుంటుందని మాకు తోచలేదు.

కాలేజీలో ప్రిన్సిపాలుగారు కూడా ఒక్కో అక్షరాన్నీ వెతికి కొట్టి, రంగు మారిన ప్రతిసారీ మా వైపు చూసి తల ఊపారు. ఆ తల ఊపుడుకే బావ మంగంపేటను మరిచిపోయాడనుకుంటాను. అంతలో ఆయన తన ఆఫీసు టైపిస్టును పిలిపించారు. ఆ టైపిస్టు తెర వైపు చూడనైనా చూడకుండా, పది వేళ్ళతో ఒక పేజీ దబదబా కొట్టి, చేతులు ఒళ్ళో పెట్టుకున్నాడు. తెర మీద అక్షరాలు మాత్రం తాపీగా ఒకటొకటే వచ్చి రంగు పూసుకుంటున్నాయి. ఒక్క అక్షరం పడినా ఫైలంతా పైనుంచి కిందిదాకా మళ్ళీ రంగు వేసుకునేలా రాశాడు బావ. ఒంటి వేలి వాళ్ళకు ఆ ఆలస్యం తెలిసేది కాదు.

“ఏమప్పా, నేను ఆపి శానాసేపాయ, ఇదింకా కొడతానే ఉండాదే,” అన్నాడా టైపిస్టు, ఎగతాళికి కాదు, నిజంగానే ఆశ్చర్యపోయి.

సరిచేసి మళ్ళీ తెమ్మని ప్రిన్సిపాలుగారు మర్యాదగా చెప్పారు. మారిన వరుసకు మాత్రమే రంగు వేస్తే చాలునని ఇంటికొచ్చే దారిలోనే బావకు తట్టింది, కానీ దానికి నెల పట్టేలా ఉంది, మంగంపేట వాళ్ళు సోమవారమే చేరమన్నారు. బావ వెళ్ళి చేరాడు. రంగుల పని నాకు రాదు. ఆ తర్వాత బూడిద రంగు రాయి, దాని పొడి, ఆ పొడి పడిన లారీలు, చొక్కాలు. ఆయన ఉద్యోగమంతా ఒకే రంగులో గడిచింది. సెలవుకు వచ్చినప్పుడు ఎడిటరు సంగతి ఎత్తితే చూద్దాంలే అనేవాడు. చూడకుండానే రెండేళ్ళ కిందట కాలం చేశాడు.

ఇప్పుడు ఆ రంగులు అడగకుండానే వస్తున్నాయి, చూసి తల ఊపేవాళ్ళే లేరు. మా అమ్మాయి అవి ఉన్నాయన్న సంగతే ఎప్పుడూ పట్టించుకోలేదట.

బావ పోయినప్పటి నుంచి అక్క మా దగ్గరే ఉంటోంది. ఆమెను పిలిచి తెర చూపించాను. వేగంగా కొట్టే మనిషి ఒక్కరు మాకు ముందే దొరికి ఉంటే బావ ఈ ఊరు వదిలేవాడు కాదని, పెద్ద విషయం కనిపెట్టినవాడిలా అన్నాను. అక్క కళ్ళద్దాలు సవరించుకుని, ఆ రంగుల్ని కాసేపు చూసింది.

“నేను తలుపుకాడనే నిలబడుంటి కదరా. ఒక్కనాడన్నా కూచోమంటిరా మీరు?” అంది.