బెల్మీరో తాత రైలు కింద పరుపు

బెల్మీరో తాత ఒక్కరోజు కూడా రైల్వేలో పనిచెయ్యలేదు. బర్రెయిరోలో సగం ఊరు రైలు షెడ్డుకి పోతే, మిగతా సగంతో పాటు ఆయన సీసా మూతలు చేసే బెండు ఫ్యాక్టరీకి పోయాడు. ముప్పై రెండేళ్లు బల్ల ముందు కూర్చుని, చెట్ల నుంచి ఒలిచిన బెండు చెక్కల్ని ఒకటో రకం, రెండో రకం, చెత్త అని ఏరి గంపల్లో వేశాడు. మనుషుల్నీ అలాగే ఏరతాడు. తనని ఏ గంపలో వేశాడో మాత్రం ఇప్పటికీ చెప్పలేదని ఆయన భార్య ఇదలీన అవ్వ గొడవ.

మోకాళ్లు అరిగాక ఆయన నాలుగో అంతస్తు దిగడం మానేశాడు. లిఫ్టు లేదు. వెనక గదిలో గోడల చుట్టూ చెక్కబల్ల వేయించి, దానిమీద జానెడు బొమ్మరైలు పెట్టుకున్నాడు. మధ్యలో కుర్చీ, కుర్చీలో తాత. లోపలికి పోవడానికి ఒకచోట బల్లముక్క గేటులా పైకి లేస్తుంది. ఏడాదిన్నరగా ఆ ఇంట్లో ప్రయాణం చేసేది ఆ రైలొక్కటే.

ఒక సోమవారం కింది ఇంటి ఎర్కులాన పైకి వచ్చింది.

"బెల్మీరో గారూ, మీ రైలు నా నెత్తిమీదే పోతోంది. ఆదివారం మళ్లీ వస్తా. అప్పటికీ చప్పుడు ఆగకపోతే ఇళ్లవాళ్ల మీటింగులో చెప్తా. బల్ల తీయించేస్తారు."

"బల్ల తీస్తే ఈయన్నెక్కడ పెట్టమంటావు? ఫ్రిజ్జు మీదా?" అంది ఇదలీన.

పట్టాల కింద బెండు పరిస్తే చప్పుడు చస్తుంది. ఇదలీన షాపుకెళ్లి బెండుపొట్టు అదిమి చేసిన పట్టీలు తెచ్చింది. తాత వాసన చూసి పక్కన పడేశాడు.

"మా ఫ్యాక్టరీలో దీన్ని చీపురుతో ఊడ్చేవాళ్లం."

"రైలుకేం తెలుసయ్యా?"

"నాకు తెలుసుగా."

మంచం కింద ఎన్నో ఏళ్లుగా దాచుకున్న ఒకటో రకం బెండు చెక్క తీసి, మూడు రోజులు కోసి, చెక్కి, పరిచాడు. శుక్రవారం నది మీంచి తడిగాలి వీచింది. చెట్టుని అంటిపెట్టుకున్నప్పటి వంపు గుర్తొచ్చినట్టు చెక్క మెల్లగా ముడుచుకుంది. రైలు పల్టీ కొట్టింది. ఇదలీన నవ్వలేదు, గుమ్మంలో నిలబడి చూసిందంతే. అదే ఎక్కువ మండింది ఆయనకి.

శనివారం నోరు మూసుకుని పొట్టు పట్టీలే పరిచాడు. బుద్ధిగా అణిగి కూర్చున్నాయి. చప్పుడంతా పోయింది, గేటు అతుకు దగ్గర తప్ప. అక్కడ చుట్టుకొక టక్.

ఆదివారం పొద్దున్నే లోపలికెళ్లి, గేటు దించి, అతుకు మీదుగా తెగకుండా ఒకే పట్టీ జిగురుతో అంటించాడు. దానిపైన తెగని పట్టాలు వేశాడు. టక్ పోయింది.

మధ్యాహ్నం ఎర్కులాన వచ్చింది. "ఇవాళ నడపలేదా?"

"గంట నుంచీ నడుస్తోంది."

ఆమె రైలుని చూసి, చెవి పెట్టి విని, "అయితే ఉంచుకోండి" అని దిగి వెళ్లిపోయింది.

"ఇక బయటికి రా, తిందువుగాని" అంది ఇదలీన.

తాత అంటించేసిన గేటు వైపు చూశాడు. అప్పుడు వెలిగింది ఆవిడకి.

"కింద నుంచి దూరు."

"ఈ మోకాళ్లతోనా?"

ఆవిడ వంటింట్లోంచి కత్తి తెచ్చింది. "జరుగు, కోసేస్తా."

"కోస్తే టక్ అంటుంది. టక్ అంటే మీటింగు."

"మరి అందులోనే ఉండిపోతావా?"

రైలు ఒక చుట్టు తిరిగి వచ్చేదాకా ఆయన ఆలోచించాడు.

"ముందు గిన్నెడు సూపు ఇయ్యి," అన్నాడు. "తర్వాత ఒక బకెట్టు."