పెనుకొండ దాటాక ఏనుగు కథ

పోయిన నెల ఒక సోమవారం పొద్దున హిందూపురం స్టేషన్లో మా పెట్టె తలుపు దగ్గర అయ్యవారి గొడుగు కనిపించలేదు. బండి కదిలే ముందు వారి పక్కింటాయన పరుగున వచ్చి చెప్పాడు, ఆదివారం మధ్యాహ్నం భోంచేసి పడుకున్న మనిషి మళ్లీ లేవలేదని. ఎనిమిదేళ్లలో ఆ పెట్టె ధర్మవరం దాకా మౌనంగా పోవడం అదే మొదటిసారి.

ఆయన నాకు బళ్లో పాఠం చెప్పిన అయ్యవారు కాదు. ధర్మవరంలో బడిపంతులు, కాపురం హిందూపురంలో. నేనూ ధర్మవరంలో గుమాస్తాగా చేరిన కొత్తలో ఒకరోజు ఆయన కిటికీ పక్కన కూచుని ఒక నవల పైకి చదువుతున్నారు. కత్తులు, మాంత్రికులు, మాట్లాడే పక్షులు, ఏడు కోటలు ఉన్న నవల. మద్రాసు నుంచి పోస్టులో ఆయనకు ఒక్కో భాగమే వచ్చేది. కొత్త భాగం వచ్చేదాకా పాతవే మళ్లీ మళ్లీ చదివేవారు. ఆ రోజు రాజకుమారుడు కొండ అంచున తాడు పట్టుకుని వేలాడుతున్నాడు. నేను కూచోవడం మరిచిపోయి పెనుకొండ దాకా నిలబడే విన్నాను.

ఆ నవలలో ఒక ప్రకరణం రాజకుమారుడిది, తర్వాతది ఏనుగుశాలలో పనిచేసే ఒక ముసలామెది. పుస్తకం పొడుగునా అదే వరస. ఒక్కో ప్రకరణం చదవడానికి గంట పట్టేది. హిందూపురం నుంచి పెనుకొండకు గంట, అక్కడినుంచి ధర్మవరానికి మరో గంట. రాజకుమారుడు పెనుకొండలో ఆగిపోయేవాడు, అక్కడ ఏనుగు మొదలయ్యేది. అయ్యవారు ప్రతి ప్రకరణం నెత్తిన పెన్సిలుతో 'హిం' అనో 'పె' అనో రాసుకునేవారు. పెనుకొండలో కళ్లద్దాలు పంచె కొంగుతో తుడుచుకుని, ఎక్కినవాళ్లంతా సర్దుకున్నాక, "ఇంక ఏనుగు దగ్గరికి పోదాం పాండి" అనేవారు.

మా హిందూపురం గుంపుకు ఒళ్లు మండేది. అక్కడ రాజకుమారుడి ప్రాణం తాడు మీద ఉంటే, ఇక్కడ ముసలామె ఏనుగుకు నీళ్లు పోస్తూ ఉండేది. ఏనుగు కూడా ముసలిదే. దాని కాల్లో ఒక ముల్లు దిగింది. ఆ ముల్లు తీయడానికి మూడు ప్రకరణాలు పట్టింది. నేను ఒకరోజు ఉండబట్టలేక, "అయ్యవారూ, ఒక మాంత్రికుణ్ణి చంపేదానికి ఒక ప్రకరణం, ముల్లు తీసేదానికి రెండైనా చాలలేదా? ఇదేం లెక్క?" అన్నాను. ఆయన నవ్వి, "రాజకొడుకు ఉరికే దారిని ఎవురో ఒకరు ఊడ్చే ఉంటారు గదప్పా. వాళ్లను గూడా రోంతసేపు సూద్దాం, ఏం పోయింది?" అన్నారు.

పెనుకొండలో ఎక్కేవాళ్లకు మాత్రం మా గోల అర్థమే కాలేదు. వాళ్లలో ఆకుకూరల గంపతో రోజూ ధర్మవరం పోయే అక్క ఒకావిడ ఉండేది. ఎక్కగానే అయ్యవారికి ఒక కొత్తిమీర రెమ్మ ఇచ్చేది. ఆయన దాన్ని చదివిన చోట గుర్తుగా పెట్టుకునేవారు. ఆయన పుస్తకాలన్నీ ఇప్పటికీ కొత్తిమీర వాసన వేస్తాయి. ఏడాది పాటు కథ విన్నాక ఆమె ఒకరోజు, "అయ్యవారూ, మద్దెమద్దెలో ఎవురో రాజకొడుకంటారే, వాడెవుడు? ఏనుగుకు ఏమవుతాడు?" అని అడిగింది. మేం పొట్ట చెక్కలయ్యేలా నవ్వాం. ఆమె విన్న కథలో నాయిక ఏనుగే. రాజకుమారుడు ఎప్పుడో దారిన పోయే మనిషి. అయ్యవారు నవ్వలేదు. "ఈమె అడిగిండేది సరైన మాట" అన్నారు.

ఇక నేను చేసిన పాడు పని చెప్పాలి. ఒకసారి అయ్యవారికి గొంతు పట్టేసింది. "వరస తప్పించొద్దప్పా" అని పుస్తకం నా చేతికిచ్చి పంపారు. నాకు ఏనుగెక్కినంత సంబరం. సరిగ్గా ఆ రోజు ఇంకో మాంత్రికుడు రాజకుమారుడి మెడ మీద కత్తి పెట్టగానే పెనుకొండ వచ్చింది. మావాళ్లు "దాటించెయ్, దాటించెయ్" అని నా మీద పడ్డారు. అక్క గంప దించుకుని, "ఏనుగు ఎట్లుండాదప్పా?" అంది. నేను పుస్తకం వంక చూస్తూ, "సచ్చిపోయిందక్కా. ఆ ముల్లు చీము పట్టి సచ్చిపోయింది. దాని కథ ఇంక అయిపోయింది" అన్నాను.

ఆమె కిటికీ వైపు తిరిగి కూచుంది. మేం రాజకుమారుడిది చదువుకున్నాం, మొసళ్ల మడుగులో పడేదాకా. మర్నాడు అక్క మా పెట్టెలో ఎక్కలేదు.

అయ్యవారు తిరిగొచ్చిన రోజు పెనుకొండలో కళ్లద్దాలు తుడుచుకుని ఆమె చోటు చూశారు, మా మొహాలు చూశారు. నేను జరిగింది చెప్పేశాను. ఆయన పుస్తకం మూసి సంచిలో పెట్టుకున్నారు. "నువ్వు చంపితివి, నువ్వే బతికించు. అందాక నేను చదవను."

అంటే రాజకుమారుడు మొసళ్ల మధ్యే ఉండిపోయాడు. ఇక మావాళ్ల ఆరాటం చూడాలి. పెనుకొండలో బండి ఆగడమే తడవు, కాయల వ్యాపారులు, గుమాస్తాలు అందరూ ప్లాట్‌ఫారం మీద పడి పెట్టె పెట్టెకూ తొంగి చూసేవారు. మూడో రోజు అక్క ఆడవాళ్ల పెట్టెలో దొరికింది. మగవాణ్ణి, లోపలికి పోలేను. కిటికీ పట్టుకుని, "అక్కా, ఏనుగు సావలేదు, బతికే ఉండాది" అని అరిచాను. స్టేషన్ స్టేషనంతా నన్ను వింతగా చూసింది. ఆమె మాత్రం, "నీ నోట్లో అది మొన్న సచ్చె, ఈపొద్దు లేసిందా? పో అప్పా. నాకు రెండు దినాలు కూడు దిగలేదు" అని మొహం తిప్పుకుంది.

సిగ్గుతో చచ్చిపోయాను. ధర్మవరంలో దిగి, ఆఫీసుకు పోకుండా, స్టేషన్ బయట ఆమె గంప ఎదుట నేల మీద కూచున్నాను. అయ్యవారిని అడిగి తెచ్చుకున్న పుస్తకం తెరిచి, నేను దాటేసిన ప్రకరణం మొదటి మాట నుంచి చదివాను. ముల్లు ఊడి వచ్చే ప్రకరణం అదే. ముసలామె ఏనుగు కాలిని ఒళ్లో పెట్టుకుని, అది అదిరినప్పుడల్లా ఆగి, దానితో మాట్లాడి, మళ్లీ మొదలుపెడుతుంది. ఏనుగు కథను నేను అంతకుముందు ఎన్నడూ సరిగా వినలేదు. ముల్లు బయటికి వచ్చింది. తల ఎత్తి చూస్తే బేరానికి వచ్చిన నలుగురు నిలబడిపోయి ఉన్నారు.

అక్క తోటకూర కట్టలు సర్దుతూ అడిగింది. "ఇది బుక్కులో ఉండేదా, నువ్వు కల్పించిండేదా?"

"బుక్కులోదే అక్కా."

"అట్లయితే రేపు వస్తా."

మర్నాడు ఆమె మా పెట్టెలో ఎక్కింది. మావాళ్లు లేచి నిలబడి చోటిచ్చారు. ఆ తర్వాతి పొద్దున రాజకుమారుడు మొసళ్ల మడుగు నుంచి బయటపడ్డాడు.

తర్వాతి భాగంలో సైన్యమంతా వంతెన దాటబోతుంటే ముసలి ఏనుగు కదలనని మొండికేసింది. అది ఆగబట్టే రాజకుమారుడు బతికాడు, ఎందుకంటే వంతెన కింద కోసేసి ఉంది. ఏనుగుకు ఎట్లా తెలిసిందని మేం తలలు బద్దలు కొట్టుకున్నాం. అక్క తాపీగా, "ముల్లు దిగిన కాలు గదప్పా అది. నేలను నొక్కి సూసుకోకుండా అడుగు ఎయ్యదు" అంది. పెట్టె పెట్టెంతా ఈలలు వేసింది. అయ్యవారు మాత్రం నా వైపు చూసి కళ్లద్దాలు తుడుచుకున్నారు. ఆ చూపు నాకు ఏ బహుమానం కన్నా ఎక్కువ.

చివరి భాగం ఆయన పోవడానికి రెండు రోజుల ముందే వచ్చిందట. కర్మ అయిన మర్నాడు వారింటి అమ్మగారు దాన్ని నాకిచ్చారు. అన్ని ప్రకరణాల మీదా 'హిం', 'పె' అని రాసి ఉంది. అంటే ఆయన అంతా చదివేశారు. ఆఖరి 'పె' దగ్గర వాడిపోయిన కొత్తిమీర రెమ్మ ఉంది. ఆ పూట నేనూ చదివాను. ఆ ప్రకరణంలో ఏనుగు నిజంగానే చనిపోతుంది.

బండిలో ఆయన బదులు నేను చదువుతుంటే నిన్న ఆ ప్రకరణం దాకా వచ్చాం. పెనుకొండలో అందరూ సర్దుకున్నారు. మా హిందూపురం గుంపు, రాజకుమారుడి పట్టాభిషేకం ఇంకా మిగిలే ఉన్నా, ఏనుగు ఏమవుతుందోనని ముందుకు వంగి కూచుంది. కిటికీ పక్క ఆయన చోట్లో ఎవరూ కూచోలేదు. అక్క అక్కడ ఒక కొత్తిమీర రెమ్మ పెట్టింది.

"అక్కా, ఈపొద్దు ఏనుగు..." అన్నాను. పుస్తకంలోని వాడిన రెమ్మను పక్కకు తీశాను.

ఆమె నా మొహం చూసింది. "బుక్కులో ఉండేదేనా?"

"బుక్కులోదే అక్కా."

"అట్లయితే సదువు. నిదానంగా సదువప్పా. ధర్మవరం ఇంకా దూరం ఉండాది."